మోకాటి వెనుక నీటితిత్తి



మాధవనిదానమున క్రోష్టుకశీర్షమను వ్యాధి కలదు. మోకాలు నక్కతలవలె వాచునట. చదివి నవ్వుకొంటిని. కీళ్ళవాతముతో నున్న మా అమ్మగారి మోకాటి వెనుక నిమ్మకాయంత గడ్డ లేచిననాడు నవ్వు మాసినది. అది వేరు, ఇది వేరు సుమా.

కీలున ఊరిన నీరు వెనుకకు పోయి, తిరిగి రాలేక తిత్తి కట్టును. 1877లో లండను శస్త్రవైద్యుడు బేకరు వర్ణించినందున దీనికాయన పేరే నిలిచినది. ఒక్కొక్కరికి పిక్కలోనికి జారును. అరుదుగా తొడవైపు ప్రాకును. పగిలెనా, పిక్క హఠాత్తుగా వాచి మండును.

సిరలో నెత్తురు గడ్డకట్టినను అచ్చముగా నిట్లే యుండును. దానిని పిసికినచో కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణము తీయగలదు. మేము తెలియక నూనె రాచి పిసికితిమి! స్కానింగుతోగాని తిత్తి పగిలినదని తేలలేదు. కావున సత్యవేడువారలారా, పిక్క వాచినచో పిసుకకుడు, వాతలు పెట్టకుడు. ఆనాడే వైద్యునికి చూపుడు.

అమ్మగారికి వాతమునకే మందిచ్చిరి. తిత్తి అణగినది.