పనికి వెలకట్టు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో పుస్తకములను గూర్చి మాటాడుట వాడుక. నేను పనిని గూర్చియు, పని లేకపోవుటను గూర్చియు మాటాడదలచితిని. గ్రంథాలయమునకును దీనికిని సంబంధమేమని మీరడుగవచ్చును. ఆ సంబంధము ఆస్ట్రియా దేశమందలి యొక పల్లెలో, పుస్తకముల చిట్టాలో బయటపడినది. అచ్చటికి పోవుటకు ముందు కొంచెము లెక్క చెప్పవలసియున్నది. లెక్కలన్నచో కునుకు పట్టువారు ఐదు నిమిషములు ఓర్చుకొనవలెనని ప్రార్థన.

ఒకనికి పని యున్నది, ఇంకొకనికి లేదు. ఈ యిద్దరికి గల అంతరమెంత? నెలజీతమంత అని మనమందరము చెప్పుదుము. అర్థశాస్త్రజ్ఞులు దీని నొప్పుకొనరు. పని లేనివానికి శ్రమ తప్పినది. ఇంటిపట్టున చేసికొను పనులు కలవు. కొన్ని దేశములలో సర్కారు భృతియు వచ్చును. వీనినన్నిటిని కలిపి వెలకట్టి జీతములోనుండి తీసివేయవలెనని వారి వాదము. అంతటితో ఆగరు. నేడున్న పని రేపు పోవచ్చును, నేడు లేని పని రేపు దొరకవచ్చును. కావున రాబోవు నెలలనన్నిటిని చేర్చి చూచినగాని పని విలువ తెలియదందురు. ఈ త్రోవను నమూనాలు నిర్మించిన పీటర్ డైమండ్, డేల్ మార్టెన్‌సెన్, క్రిస్టఫర్ పిస్సరైడ్స్ అను మువ్వురికి 2010లో అర్థశాస్త్రమున నోబెల్ పురస్కారము లభించినది.

వారి నమూనాలో పనివారందరు ఒక్క తీరువారే. వారికి ముసలితల్లి లేదు, అప్పు లేదు, కులము లేదు. ఏడాదిలో నాట్లకాలము లేదు, ఎండకాలము లేదు. నవ్వకుడు. పొలముల సర్వే పటములో చెట్టు నీడ కనబడదు. అయినను గట్టు తగాదా వచ్చిననాడు ఆ పటమునే తెచ్చి పరచుకొందుము. నమూనాయు అట్టిదే. కొంత వదలివేసినందుననే అది ఉపయోగించును. వదలినదేమో మరవకుండిన చాలును.

ఇక లెక్క. నెలకు 12,000 రూపాయలు తెచ్చు పని యొకటి యున్నదనుకొందము. పని లేనివాని నెలకు 4,800 వెల కట్టితిమనుకొందము. తేడా 7,200. పనిలోనున్న 30 మందిలో నెలకొకరికి పని పోవుచున్నది; పని లేని 6 గురిలో నెలకొకరికి దొరకుచున్నది. ముప్పదవ వంతును ఆరవ వంతును కలిపిన ఐదవ వంతగును. అనగా ఆ యిద్దరి నడుమ తేడా సగటున 5 నెలలు నిలుచునన్నమాట. 7,200ను 5 చేత హెచ్చవేసిన 36,000. అదియే ఆ పని విలువ. వడ్డీ లెక్కను నేను బుద్ధిపూర్వకముగ విడిచితిని.

చిక్కు ఇచటనే యున్నది. ఆ 4,800 ఎవరు చెప్పిరి? అది 12,000లో నూటికి 40 పాళ్లు. అమెరికా ఆచార్యుడు రాబర్ట్ షైమర్ 2005లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో, పనివాడు చేయు ఉత్పత్తి నూరైనచో పని లేనివాని స్థితికి 40 వెలకట్టెను. నిరుద్యోగ భృతిని దృష్టియందుంచుకొని కట్టిన వెల యది. కాని ఆ లెక్కతో చూడగా, నిరుద్యోగము కాలమునుబట్టి హెచ్చి తగ్గు తీరు నమూనాలో చాల స్వల్పముగ గోచరించెను. లోకములో చాల యెక్కువగ నున్నది. 2008లో మార్కస్ హాగెడార్న్, యూరీ మనోవ్‌స్కీ అనువారు వేరొక మార్గము త్రొక్కిరి. జీతముల కదలికను, పనివారిని చేర్చుకొనుటకగు ఖర్చును ఆధారము చేసికొని, ఆ వెలను నూటికి 95కు పైగా కట్టిరి. నమూనా లోకముతో సరిపోయినది!

ఆ 95ను మన లెక్కలో పెట్టి చూడుడు. పని లేనివాని నెల వెల 11,400; తేడా 600; 5 నెలలకు 3,000. తక్కిన అంకెలేవియు మారలేదు. ముప్పదియారువేల విలువగల పని మూడువేలకు దిగినది. పని పోయినవాడు, ఒక మేక పోయినవానికంటె తక్కువ నష్టపడినవాడైనాడు. నమూనా లోకముతో సరిపోయినదన్న మాట వేరు, ఆ మనిషి యింటితో సరిపోయినదన్న మాట వేరు.

ఇది పండితుల వ్యాసములలో నుండిపోవు తగాదా కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము మనకందరకు తెలిసినదే. ఆ పథకమునకు 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభోత్సవము జరిగినది. పని యడిగిన 15 దినములలో చూపలేనిచో మొదటి 30 దినములకు కూలిలో నాలుగవ వంతుకును, పిమ్మట సగమునకును తగ్గకుండ భృతి ఇయ్యవలెనని అందు వ్రాసిరి. పని లేని దినమునకు వెలకట్టు అంకెలే ఇవియు. అంకె ఏదైనను, దానివెనుక ఒక ఊహ యున్నది: పని లేనివానికి తీరిక మిగులుననియు, తీరిక లాభమే యనియు.

ఆ తీరికను కన్నులార చూచినవారు కలరు. వియన్నా నగర సమీపమున మారీంతాల్ అను పల్లె కలదు. ఆనాడు 1,486 మంది జనము. ఊరికంతకు ఆధారము ఒక నూలుమిల్లు. 1929లో ప్రారంభించి 1930 నాటికి మిల్లును పూర్తిగ మూసివేసిరి. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్ అను యువ పరిశోధకులు తోటివారితో ఆ ఊరికి పోయి, యింటింటి సంగతులు సేకరించి, 1933లో గ్రంథముగ ప్రకటించిరి. కిటికీచాటున గడియారము పట్టుకొని, వీధిలో జనులు నడచు తీరునుగూడ వ్రాసికొనిరట! మగవారు నాలుగడుగులకొకమారు ఆగుచుండిరి. ఆడువారు చాలవరకు ఆగక నడచుచుండిరి. మిల్లు మూసినను వారి పొయ్యి, వారి పిల్లలు, వారి బట్టలుతుకు పని మూతపడలేదు గదా. అనేకులు గడియారము ధరించుటయే మానిరి.

ఆ ఊర కార్మికుల గ్రంథాలయమొకటి యుండెను. మిల్లు నడచు దినములలో పుస్తకమునకు కొంచెము రుసుము ఉండెను. తరువాత దానిని తీసివేసిరి. రుసుము లేదు, దినమంతయు తీరికయే. నమూనా చెప్పినట్లైనచో చదువరులు క్రిక్కిరిసియుండవలెను. కాని 1929 నుండి 1931 నాటికి ఎరువు పోయిన పుస్తకముల సంఖ్య ఇంచుమించు సగమునకు పడిపోయెను! నేనీ సంగతిని మొదట చదివినపుడు నమ్మలేక, ఆ పుటను మరల చదివితిని. మిల్లులో నిలబడి అలసినవాడు పుస్తకము తీసికొనిపోయెను. దినమంతయు ఊరక కూర్చున్నవాడు తీసికొనలేదు.

ఒక పల్లె కథతో శాస్త్రము మారునా యని అర్థశాస్త్రజ్ఞులు అడుగుదురు, అడుగవలసినదే. వారిలోనే కొందరు బంగ్లాదేశములోని రోహింగ్యా శరణార్థుల శిబిరములలో పరీక్ష చేసి 2022లో ప్రకటించిరి. కొందరికి చిన్న పని చూపి కూలి యిచ్చిరి, కొందరికి పని లేకుండ అంతే రొక్కమిచ్చిరి, కొందరికి రెండును లేవు. పని దొరకినవారి మనఃస్థితి మెరుగైనది. రొక్కము మాత్రమే పొందినవారి మనస్సు కుదుటపడినట్లు కనబడలేదు. పని చేసినవారిని, కూలి లేకున్నను మరికొన్నాళ్లు చేయుదురాయని యడుగగా, మువ్వురిలో ఇంచుమించు ఇద్దరు చేయుదుమనిరి.

కావున నా అభిప్రాయము: తీసివేయవలసిన ఆ అంకె 40యా, 95యా యని వాదించుటకు ముందు, కొందరి విషయమున అది సున్నకు దిగువనున్నదేమో చూడవలెను. నమూనాను పారవేయుడని నేననుట లేదు. ఆ లెక్కయే లేకున్నచో ఈ ప్రశ్న యిచటనున్నదని మనకు తెలిసెడిది కాదు.

మన గ్రంథాలయమునను 25 సంవత్సరముల పుస్తకముల చిట్టాలు బీరువాలో భద్రముగ నున్నవని కార్యదర్శిగారు చెప్పిరి. వానిని తీసి, వానలు లేక పొలముపనులు సాగని ఏండ్లలో పుస్తకములు ఎక్కువ పోయినవో, తక్కువ పోయినవో ఎవరైన యువకులు లెక్కించినచో చూడవలెనని నాకు కోరికగ నున్నది. మారీంతాల్‌తో సరిపోవునో, లేదో నాకు తెలియదు. ఒకనెలలో చేయదగిన పని. పూనుకొనువారికి కాగితములు, కలములు నేను తెచ్చియిచ్చెదను.