ఎద సూదులు: ఏమి ఆశించాలి, ఏమి ఆశించరాదు
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము పశువైద్యులము కాము. సంఘాల లెక్కలు చూచేవారము. అయినా సభ్యుల పాల పుస్తకాలు తిరగేస్తుంటే గేదెల సంగతి కొంత మాకూ తెలుస్తుంది. గేదె ఒట్టిపోతుంది. మళ్ళీ అంకె పడవలసిన నెలలో ఆ పేరు ఎదుట అంకె పడదు. ఏడాది గడిచినా పడదు. చివరకు గేదెను సంతకు తోలారని వింటాము. అప్పు మాత్రం పుస్తకంలో మిగిలి ఉంటుంది.

కారణం అడిగితే వచ్చే జవాబు ఒకటే: "సూదులు వేయించామండీ, పనిచేయలేదు." ఏ సూది, ఏ తేదీన, ముందు పరీక్ష జరిగిందా అంటే జవాబు ఉండదు. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాము.

ముందు లెక్క చూద్దాము. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఈనిన 120 రోజులలోగా చూడి కడితే ఈతకూ ఈతకూ మధ్య 430 రోజులు, అంటే పధ్నాలుగు నెలలు. ఎద 21 రోజులకు ఒకసారి వస్తుంది. ఐదు ఎదలు తప్పితే 105 రోజులు పాలు లేకుండా మేపాలి. పైగా మన గేదెలలో మూగ ఎద ఎక్కువ. అరవదు, తీగలు కూడా సరిగా కనిపించవు. వేసవిలో కాలువలు కట్టేసి, మునగడానికి నీళ్ళు లేనప్పుడు ఎద మరీ తగ్గిపోతుంది.

ఇక సూదుల సంగతి. ముఖ్యంగా వాడేవి రెండు. మొదటిది అండాన్ని విడుదల చేయించేది. మెదడు నుంచి సహజంగా వచ్చే ఆజ్ఞకు ఇది నకలు. ఆ ఆజ్ఞ ఏ పదార్థమో 1971లో తేల్చిన శాస్త్రజ్ఞులకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండవది ప్రోస్టాగ్లాండిన్. అండం విడుదలైన చోట చిన్న గడ్డ ఏర్పడుతుంది. అది ఉన్నంత కాలం ఎద రాదు. ఈ సూది ఆ గడ్డను కరిగిస్తుంది. ఇవి కాక క్లోమిఫెన్ మాత్రలు కూడా వాడతారు. పిల్లలు లేని స్త్రీలకు డాక్టర్లు ఇచ్చే మందు ఇదే. గేదెకు ఇచ్చేటప్పుడు, మాత్ర పెద్ద పొట్టలో పడిపోకుండా ముందు కొద్దిగా మైలుతుత్తం నీళ్ళు పట్టిస్తారు. మోతాదు డాక్టరు గారే చెప్పాలి.

రెండు సూదులనూ కలిపి వాడే పద్ధతిని 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు ఆవులకు రూపొందించారు. ఇప్పుడు మన గేదెలకూ చేస్తున్నారు. దాని క్రమం ఇది. సోమవారం సాయంత్రం నాలుగింటికి మొదటి సూది. మరుసటి సోమవారం అదే వేళకు ప్రోస్టాగ్లాండిన్. బుధవారం అదే వేళకు మళ్ళీ మొదటి రకం సూది. గురువారం ఉదయం ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య కృత్రిమ గర్భధారణ. గేదె అరవకపోయినా, తీగలు వేయకపోయినా గురువారం మానరాదు. ఎద కనిపెట్టే శ్రమ లేకుండా వేళ నిర్ణయించుకోవడమే ఈ వైద్యంలోని మేలు. మధ్యలో ఒక్క సూది తప్పినా, ఒక పూట ఆలస్యమైనా పెట్టిన ఖర్చు వృథా.

ఫలితం ఎంత? పది గేదెలకు చేయిస్తే మొదటిసారికి మూడో నాలుగో చూడి కట్టడం మామూలు. మిగిలినవి పనికిరానివి కావు. 18వ రోజు నుంచి 24వ రోజు వరకు రెండు పూటలా కనిపెట్టి చూడండి. పొర్లితే మళ్ళీ చేయించండి. పొర్లకపోతే చూడి కట్టిందనుకోవద్దు, మూగ ఎద కావచ్చును. రెండు నెలలు నిండాక చూడి పరీక్ష చేయించండి. ఆ పరీక్ష కాకముందే గేదెను అమ్మవద్దని మా మనవి.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యం. చేయి పెట్టి పరీక్ష చేయకుండా ప్రోస్టాగ్లాండిన్ వేయించరాదు. గేదె చూడితో ఉంటే ఈచుకుపోతుంది. ఒక సంఘంలో ఒక సభ్యురాలి గేదెకు ఇదే జరిగింది. ఒట్టి గేదె అనుకున్నారు. లోపల మూడు నెలల దూడ ఉన్నది. సంచి పట్టుకొని ఇంటికి వచ్చినవాడు చెప్పిన మాట నమ్మినందుకు ఆమెకు ఒక ఈత పోయింది. మరొక జాగ్రత్త. ఆ మందు చర్మం మీద పడినా ఒంట్లోకి దిగుతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు దానిని ముట్టుకోరాదు. గేదెను పట్టుకునేది ఎక్కువగా ఆడవారే కనుక ఇది ఇంట్లో తప్పక చెప్పండి. సూది వేసిన తరువాత పాలు కేంద్రానికి పోయవచ్చునో లేదో కూడా డాక్టరు గారిని అడిగి తెలుసుకోండి.

డొక్కలు పీక్కుపోయిన గేదెకు సూది ఏమీ చేయలేదు. గర్భసంచిలో చీము ఉంటే ముందు దానికి వైద్యం జరగాలి. మన డెల్టాలో వరిగడ్డే ప్రధానమైన మేత. అందులో మాంసకృత్తులూ భాస్వరమూ తక్కువ. కోత యంత్రాలు వచ్చాక ఆ గడ్డి కూడా చాలా చోట్ల చేలోనే పోతున్నది. సార్వా కోతల ముందు పిల్లిపెసర, జనుము చల్లుకోండి. తవుడుతో పాటు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టండి. సూదుల ఖర్చు ఈ మేత మీదనే నిలబడుతుంది.

సంఘాలకు మా సూచనలు మూడు. ప్రతి గేదెకూ ఈనిన తేదీ, ఎద తేదీ, సూదుల తేదీలు, చూడి పరీక్ష ఫలితం రాసే పుస్తకం ఒకటి కార్యదర్శి గారి దగ్గర ఉండాలి. చికిత్స కావలసిన గేదెలన్నిటినీ ఒకే సోమవారం మొదలుపెట్టేలా డాక్టరు గారితో మాట్లాడుకోవాలి. అప్పుడు ఆయనకు తిరుగుడు తగ్గుతుంది, మీకు వేళ తప్పదు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో పశువైద్య విశ్వవిద్యాలయం వారి గేదెల పరిశోధన కేంద్రం ఉన్నది. వీలు చూసుకొని సభ్యులను అక్కడికి తీసుకువెళ్ళి చూపించండి.

వచ్చే తనిఖీకి వచ్చినప్పుడు లెక్కల పుస్తకం కన్నా ముందు ఈ తేదీల పుస్తకం అడుగుతాము. సిద్ధంగా ఉంచగలరు. సెలవు.