పంది మాంసపు వేపుడు: ఇటలీ రుచి, మన జాగ్రత్త



పంది మాంసమనగానే ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో కొందరు ముఖము ముడుచుకొందురని నేనెరుగుదును. ముట్టనివారిని ముట్టుమనుట నా యుద్దేశము కాదు. కాని నా మాటలలో సగము వారికే చెందినది. కావున కొంచెము ఓపిక పట్టుడు.

2022 వరకు శ్రీకాకుళము జిల్లాలోనుండి, పిమ్మట పార్వతీపురము మన్యము జిల్లాకు చేరిన సీతంపేట కొండలలో సవరలును జాతాపులును పందులను పెంచుదురు. ఇటలీవారికిని పంది మాంసము మిక్కిలి ప్రీతి. రోము నగర ప్రాంతమున ఎముకలు తీసిన పందికి వెల్లుల్లియు, మిరియములును, సుగంధపుటాకులును దట్టించి, చుట్టగా కట్టి, గంటల తరబడి సెగపై కాల్చుదురు. దానికి పొర్కెత్తా అని పేరు. కొన్ని సీమలలో సోంపుకూడ చేర్తురు. ఆ వాసనను మన పెరటి కూరగాయలతో కలిపి వేపుడు చేయవచ్చునా యని ఒక మిత్రుడు నన్నడిగెను.

నిస్సంశయముగా చేయవచ్చును. ఇటలీ రుచి మనకంత దూరమైనది కాదు. వారి వంటకు మూలమైన రామములక్కాయ, అనగా టమాటా, వారిది కానే కాదు; పదునారవ శతాబ్దమున అమెరికా ఖండమునుండి యూరపునకు వచ్చినది. నేపుల్సు నగరమున అంతోనియో లతీనీ యను వంటపెద్ద 1692లో వెలువరించిన గ్రంథమున టమాటాతో చేయు పచ్చడి యొకటి కలదు. దానికతడు స్పెయినువారి పద్ధతియని పేరు పెట్టెను! మన మిరపకాయయు ఆ ఖండమునుండి వచ్చినదే. ఇక వారి ఒరెగానో ఆకు ఘాటునకు కారణమైన కార్వాక్రోలు అను ద్రవ్యము మన వామాకునందును కలదు. వారి బేసిలు మన రుద్రజడయే. ఒలీవ నూనెకు బదులు గానుగ నువ్వులనూనె చాలును. నా నాలుకకు అదియే మేలు.

అయితే వేపుడనగా పెద్దమంటపై త్వరగా వేయించి దించునది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. బహిర్భూమిలో తిరుగు పంది మనుష్యుని మలమును తినును. ఆ మనుష్యుని కడుపులో బద్దెపురుగున్నచో, దాని గ్రుడ్లు పందిలో ప్రవేశించి, మాంసమున నానిన సగ్గుబియ్యమువంటి తెల్లని తిత్తులగును. ఉడికీ ఉడకని ముక్కతో ఆ తిత్తి మన కడుపు చేరి, బారలకొలది పొడవుగల పురుగగును. అంతటితో ఆగిన బాగుండును. ఆ పురుగున్నవాని మలములోని గ్రుడ్లు చేతికి, నీటికి, ఆకుకూరకు అంటి మరియొకని నోటబడినచో, అవి మెదడును చేరి తిత్తులు కట్టి మూర్ఛలు తెప్పించును. పంది మాంసము కన్నెత్తి చూడని శాకాహారికిని ఈ వ్యాధి వచ్చును. ఈ పురుగు వ్యాపించిన దేశములలో మూర్ఛరోగములందు సుమారు 30 శాతము దీనివలననేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మనమో, గాలి సోకినదని విభూతి పెట్టించుచున్నాము! అట్టివానిని పెద్దాసుపత్రికి కొనిపోయి తల చిత్రము తీయింపవలెను. వైద్యుడు చూడకుండ పురుగుమందు మాత్రము మింగింపరాదు. మెదడులో తిత్తులున్నచో ఆ మందే మూర్ఛను రేపవచ్చును.

ఇక వంట. తెల్లని గింజలు కనబడిన మాంసమును కొనకుడు. ఇంటిలో కోసినదైనచో కుక్కలకు వేయక లోతుగా పాతిపెట్టుడు. మంచి మాంసము అరకిలో తీసుకొని, చిన్నముక్కలుగా కోసి, పసుపు, ఉప్పు వేసి, మూతపెట్టి, వ్రేలితో నొక్కిన విడిపోవునంతవరకు ఉడికింపుడు. పచ్చిమాంసము కోసిన కత్తిని, పీటను కడుగక కూరగాయలు తరుగరాదు. బీన్సు, వంకాయ, ఉల్లికాడలను పారు నీటిలో రెండుమూడు మారులు కడిగి కోయుడు. మూకుడులో నువ్వులనూనె కాచి, నలిపిన వెల్లుల్లి, చెంచాడు సోంపు, ఎండుమిరప వేసి, నాలుగు రామములక్కాయలు మగ్గనిండు. రసము చిక్కబడిన పిమ్మట ఉడికిన మాంసమును, కూరగాయలను వేసి పెద్దమంటపై కలియబెట్టుడు. కూరగాయలు కొంత కరకరలాడుచుండిన మేలు. మాంసమునకు ఆ మర్యాద చెల్లదు.

కడిగిన వామాకులు నాలుగు, రుద్రజడ రెమ్మ యొకటి త్రుంచి, దించిన తరువాతనే వేయుడు. పొయ్యిమీద వేసినచో వాసన యెగిరిపోవును. ఇటలీవారు రొట్టెతో తిందురు. నేను సామల అన్నముతో తింటిని.