పచ్చిక బీడు - నేల ఉడుత

హంగేరీ, ఆస్ట్రియా మొదలైన దేశాల పచ్చిక బీళ్లలో నేల ఉడుత అనే చిన్న జంతువున్నది. బొరియలో దాని కాపురం. చలికాలమంతా అందులోనే నిద్ర. ఒకప్పుడు పైరుకు చేటని దానిని చంపేవారు. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

కారణమేమంటారా? అది వెనుక కాళ్లమీద నిలబడి శత్రువును కనిపెడుతుంది. గడ్డి పొట్టిగా ఉంటేనే దానికి చూపు ఆనుతుంది. బీడు దున్నితే బొరియ పోతుంది. పశువుల మేత మానిపిస్తే గడ్డి ఏపుగా పెరిగి, శత్రువు దగ్గరకొచ్చేదాకా కనబడదు. కనుక దున్నడమూ చేటే, ఊరకే వదిలేయడమూ చేటే.

పోలండులో పూర్తిగా నశించిన ఈ జీవిని 2005లో తిరిగి తెచ్చి వదిలారు. అయితే వదిలినంత మాత్రాన చాలదు. ఏటేటా గొర్రెలను మేపాలి, లేదా గడ్డి కోయాలి. ఆ పని చేయవలసినవాడు రైతే సుమండీ!