లేత గీత కూడా గీతే

మన గోపన్‌పల్లిలో ఉద్యోగాల కోసం వచ్చి, పెద్దవాళ్లకు దూరంగా కాపురం ఉంటున్న జంటలు ఎందరో. నెల తప్పగానే మందుల షాపులో కిట్ కొని ఇంట్లోనే చూసుకుంటారు. మంచిదే. కానీ గీతలను సరిగా చదవడం తెలియాలి.

ఉదయం మొదటి మూత్రాన్ని శుభ్రమైన కప్పులో పట్టి, ప్యాకెట్ మీద చెప్పినన్ని చుక్కలు కిట్‌లో వేయండి. చెప్పిన సమయానికే, సాధారణంగా 5 నిమిషాలకు, చూడండి.

'సి', 'టి' రెండు చోట్లా గీత వస్తే గర్భం ఉన్నట్టే. తొలి రోజుల్లో హెచ్.సి.జి. హార్మోన్ తక్కువ కాబట్టి 'టి' గీత లేతగా రావచ్చు. దాన్ని "లేదు" అనుకుని సొంతంగా మాత్రలు వేసుకోకండి. 'సి' ఒక్కటే వచ్చి, నెలసరి మాత్రం రాకపోతే, వారం తర్వాత మళ్లీ చూడండి. 'సి' గీతే రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. కొత్త కిట్ వాడండి.

మరొక్క మాట. గర్భం ఉందని గీత చెబుతుంది గాని, అది గర్భసంచిలో ఉందో ట్యూబులో ఉందో చెప్పదు. పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఫలితం ఏదైనా ఆమెను నిందించకండి. పక్కన ఉండండి.