డెబ్బై ఐదు గంటల చదువు: అమెరికా చట్టం నుంచి మనం నేర్చుకోవలసింది

(న్యూజెర్సీలో జరిగిన ఫోరం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిత్రులారా, మన సమావేశాల్లో విద్య, వైద్యం అనే మాటలు రాగానే చర్చ ఇంజనీరింగ్ సీట్ల మీదికో, మెడికల్ కాలేజీల మీదికో వెళ్తుంది. మనలో చాలామంది ఆ దారిలోనే వచ్చాం కాబట్టి అది సహజమే. కానీ ఆస్పత్రిలో రోగి దగ్గర ఎక్కువసేపు ఉండేది డాక్టరు కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టేవారు, స్నానం చేయించేవారు, అన్నం తినిపించేవారు, బీపీ చూసి రాసేవారు. ఈ రోజు వారి శిక్షణ గురించి మాట్లాడతాను. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, వైద్యం నా సబ్జెక్టు కాదు. కాబట్టి వ్యవస్థ ఎలా పనిచేస్తుందన్నంత వరకే చెప్తాను.

అమెరికాలో వీరిని నర్సింగ్ అసిస్టెంట్లు అంటారు, వాడుకలో సీఎన్‌ఏలు. దేశం మొత్తం మీద సుమారు 14 లక్షల మంది ఉన్నారు. చాలామంది పనిచేసేది నర్సింగ్ హోముల్లో. నర్సింగ్ హోమ్ అంటే ఇక్కడ మన ఊళ్లో లాగా చిన్న ప్రైవేటు ఆస్పత్రి కాదు, లేవలేని వృద్ధులు ఉండే చోటు. 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వీటి పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ సంతకంతో చట్టం వచ్చింది. మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోమూ దానికి కట్టుబడాలి. సీఎన్‌ఏల విషయంలో ఆ చట్టం, దాని నిబంధనలు నాలుగు పనులు చేశాయి.

1. కనీస శిక్షణ: 75 గంటలు. అందులో 16 గంటలు పర్యవేక్షణలో స్వయంగా చేసి నేర్చుకోవాలి. ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటం, ప్రమాద జాగ్రత్తలు, అక్కడ ఉండేవారి హక్కులు లాంటివి రోగిని తాకక ముందే నేర్పాలి. రాష్ట్రాలు గంటలు పెంచుకోవచ్చు. కాలిఫోర్నియాలో 160 గంటలు.

2. పరీక్ష: రాతలోగానీ నోటితోగానీ జవాబులు చెప్పాలి, దాంతోపాటు పని చేసి చూపించాలి. పాసవకుండా నాలుగు నెలలకు మించి పనిలో ఉంచుకోకూడదు.

3. రిజిస్ట్రీ: ప్రతి రాష్ట్రంలో పేర్ల జాబితా ఉంటుంది. వృద్ధుల్ని హింసించినట్టు, వారి సొమ్ము కాజేసినట్టు రుజువైతే అందులో నమోదవుతుంది. ఉద్యోగం ఇచ్చే ముందు జాబితా చూడటం తప్పనిసరి.

4. ఖర్చు: నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం ఉన్నవారి దగ్గర, ఉద్యోగం ఇస్తామని మాట పొందినవారి దగ్గర శిక్షణకు ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. సొంత డబ్బుతో నేర్చుకుని 12 నెలల్లోపు నర్సింగ్ హోమ్‌లో చేరితే, ఆ ఖర్చు తిరిగి అందేలా రాష్ట్రం చూడాలి.

అమెరికాలో అంతా బాగుందని చెప్పడానికి నేను రాలేదు. 75 గంటలు చాలా తక్కువ. చాలా రాష్ట్రాల్లో క్షవరం చేయడానికి లైసెన్సు కావాలంటే వెయ్యి గంటలకు పైగా నేర్చుకోవాలి! జీతమూ అంతంతమాత్రమే. 2023 లెక్కల ప్రకారం సీఎన్‌ఏల మధ్యస్థ వార్షిక జీతం 38 వేల డాలర్ల చిల్లర.

ఇంకో పాఠం కూడా ఉంది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం కింద పేద కుటుంబాల వారికి ఆరోగ్యరంగంలో శిక్షణ కోసం ప్రత్యేక గ్రాంట్లు ఇచ్చారు. 2021 వరకు నడిచాయి. మొదటి విడత ఫలితాలను కొలిచి చూస్తే, ఎక్కువమంది శిక్షణ పూర్తి చేశారు, ఆరోగ్యరంగంలో ఉద్యోగాలూ పెరిగాయి. కానీ ఆ కార్యక్రమంలో చోటు దొరకనివారితో పోలిస్తే ఆదాయం చెప్పుకోదగ్గంత పెరగలేదు. అంటే మొదటి మెట్టు కట్టి ఊరుకుంటే చాలదు, పై మెట్టుకు దారి ఉండాలి. సీఎన్‌ఏ నుంచి సుమారు ఏడాది చదువుతో ఎల్‌పీఎన్, కమ్యూనిటీ కాలేజీ రెండేళ్ల డిగ్రీతో ఆర్‌ఎన్ కావచ్చు. దారి ఉంది. కాకపోతే పిల్లల్ని పెంచుకుంటూ, రాత్రి షిఫ్టు చేస్తూ ఆ మెట్లు ఎక్కడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన దగ్గర సంగతి. మనకు ఏమీ లేదనడం సరికాదు. ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులున్నాయి. 2005లో హైదరాబాదులో 108 మొదలైనప్పుడు అంబులెన్సులో పనిచేసే టెక్నీషియన్ అనే కొత్త ఉద్యోగమే పుట్టింది. మన పిల్లలకే శిక్షణ ఇచ్చి నడిపించారు. 2021 నాటి కేంద్ర చట్టం ల్యాబ్ టెక్నీషియన్ల వంటి వృత్తులకు రిజిస్టర్లు ఉండాలంది.

కానీ రోగి మంచం పక్కన ఉండే సహాయకుల మాటేమిటి? జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని స్కిల్ కోర్సు ఉంది. అయితే అది లేనివారిని పెట్టుకోకూడదనే కట్టుబాటు, అమెరికా చట్టం లాంటిది, మనకు లేదు. అందుకే చిన్న పట్టణాల్లో పదో తరగతి చదివిన అమ్మాయికి తెల్ల కోటు వేసి, చూసి నేర్చుకోమని వదిలేసే చోట్లు కనిపిస్తాయి. రోగి బంధువులు ఆమెను సిస్టర్ అనే పిలుస్తారు. పొరపాటు జరిగితే నష్టం రోగికి, నింద ఆ అమ్మాయికి. యాజమాన్యానికి మిగిలేది చవక జీతం. పదేళ్లు పనిచేసినా ఇంకోచోట చూపించుకోవడానికి ఆమె చేతిలో కాగితం ఉండదు.

కాబట్టి మన ఫోరం రెండు రాష్ట్రాల్లోని అన్ని పార్టీల ముందు పెట్టవలసిన కోరికలు ఇవి:

- సహాయకులకు చట్టబద్ధమైన కనీస శిక్షణ. నేర్పిన సంస్థ కాకుండా వేరేవారు పరీక్ష పెట్టాలి.
- ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోగల రాష్ట్ర రిజిస్ట్రీ.
- శిక్షణ ఖర్చు పనిలో పెట్టుకునే ఆస్పత్రిదే.
- పనిచేసిన అనుభవాన్ని నర్సింగ్ కోర్సుల ప్రవేశంలో లెక్కలోకి తీసుకోవాలి.

ఇక్కడి మనవారికి కూడా ఒక మాట. గ్రీన్‌కార్డు మీద వచ్చిన బంధువులు ఎవరైనా ఈ పని నేర్చుకుంటామంటే, ప్రైవేటు స్కూలుకు ఫీజు కట్టేముందు దగ్గరలోని నర్సింగ్ హోమ్‌ను అడగమనండి. ఉచితంగా నేర్పి ఉద్యోగం ఇచ్చేవి ఉన్నాయి. పని అనుమతి లేని హెచ్-4 వారు చదువుకోవచ్చుగానీ ఉద్యోగం చేయకూడదు, అది గుర్తుంచుకోవాలి.

మన తల్లిదండ్రులు చాలామంది అక్కడే ఉన్నారు. రేపు వారు మంచం పట్టినప్పుడు మనం వేల మైళ్ల దూరంలో ఉంటాం. పక్కన ఉండేది ఆ అమ్మాయే. ఆమెకు సరైన శిక్షణ, సరైన జీతం అడగడం మనం ఎవరికో చేస్తున్న ఉపకారం కాదు. ఈ నాలుగు కోరికలతో వినతిపత్రం తయారుచేయడానికి ఒక చిన్న కమిటీ కావాలి. మనలో ఉన్న డాక్టర్లు, నర్సులు ముందుకు రావాలని కోరుతున్నాను.