గోకుకొనే పిల్లి: ఇంటివారు తెలుసుకోవలసినవి



"పిల్లిని చంకన పెట్టుకొని పెళ్ళికి వెళ్ళినట్లు" అని తెలుగువారి సామెత. కృష్ణగిరి జిల్లాలోని కల్లావి నుండి బ్రతుకుతెరువు కోసం హోసూరు చేరిన ఒక తెలుగు కుటుంబం ఇంచుమించు ఆ పనే చేసింది. రాగులు, వేరుసెనగ నిలువ ఉండే పల్లె ఇంట ఎలుకలను కాచిన పిల్లిని విడిచి రాలేక, మామిడిపండ్ల బుట్టలో పెట్టి వెంట తెచ్చుకున్నది. రెండు గదుల అద్దె ఇంట రెండు నెలలు గడిచేసరికి ఆ పిల్లి రాత్రింబవళ్ళు గోకుకోసాగింది. తోక మొదట వెంట్రుకలు రాలి, చర్మం ఎర్రబారి, మెడ మీద చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఇంటి యజమాని అది చూచి, వారంలోగా పిల్లిని వదిలివేయండి, లేదా ఇల్లు ఖాళీ చేయండి అన్నాడు.

ఇరుగుపొరుగు తలా ఒక వైద్యం చెప్పారు. ఒకరు కిరోసిన్ పూయమన్నారు, మరొకరు వేపనూనె పట్టించమన్నారు. ఆ ఇంటి కుమారుడు దుకాణానికి పోయి, మెడ మీద పోసే చుక్కల మందు తెచ్చాడు. మూత తీయబోతుండగా అతని తల్లి డబ్బాను చేతిలోకి తీసుకొని చూచింది. దాని మీది ఆంగ్ల అక్షరాలు ఆమెకు రావు. కాని బొమ్మ కనిపించింది. "ఏంరా, దీని మీద కుక్క బొమ్మ ఉన్నది గదా, పిల్లికి ఎట్లా పోస్తావు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న పిల్లి ప్రాణం కాపాడింది.

కుక్కలకు వాడే కొన్ని చుక్కల మందులలో పెర్మెత్రిన్ అనే రసాయనం ఉంటుంది. కుక్క శరీరం దానిని విరిచివేయగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలదు. వణుకు, చొంగ, మూర్ఛ కలిగి పిల్లి చనిపోవచ్చు. మనుషుల గజ్జికి పూసే బెంజైల్ బెంజోయేట్ లోషన్ సైతం పిల్లికి విషమే. నొప్పి తగ్గుతుందని వేసే పారాసిటమాల్ ఒక్క మాత్రయినా ప్రాణాంతకం కావచ్చు. కిరోసిన్, ఫినాయిలు, కర్పూరం కలిపిన నూనెలు పూయరాదు. పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రపరచుకొంటుంది గనుక, చర్మం మీద పూసినదంతా చివరకు దాని కడుపులోకే చేరుతుంది.

అందుచేత మందు కంటె ముందు కారణం తెలియాలి. గోకుడు ఒక్కటే అయినా కారణాలు అనేకం. తోక మొదట, నడుము మీద వెంట్రుకలు ఊడితే తరచుగా దూకే చిన్న కీటకాలు, అనగా ఫ్లీలు, కారణమవుతాయి. తమిళంలో వీటిని తెళ్ళుప్పూచ్చి అంటారు. వెంట్రుకలను దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేయాలి. అవి ఎర్రగా కరిగితే ఆ నలుసులు ఫ్లీల మలం, అందులోనిది పిల్లి రక్తం. చెవి అంచుల నుండి మొదలై ముఖమంతా మందమైన పొలుసు కట్టితే అది గజ్జి. చెవిలో కాఫీపొడి వంటి మురికి నిండి, పిల్లి తల విదిలిస్తుంటే చెవి పురుగులు కావచ్చు. గుండ్రని మచ్చలుగా వెంట్రుకలు రాలితే తామర కావచ్చు. ఆహారం పడకపోయినా దురద పుట్టవచ్చు. వీటిని నిర్ధారించడం మాత్రం వైద్యుని పని.

ఆ కుటుంబం పిల్లిని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకుపోయింది. పశువైద్యశాల అనగానే ఆవులకు, మేకలకే అని పలువురు వెనుకాడుతారు. ఆ సంశయం అక్కరలేదు, పిల్లులను, కుక్కలను కూడా అక్కడ చూస్తారు. తమిళ బోర్డు మీద "కాల్నడై మరుత్తువమనై" అని ఉంటుంది. పూనై అంటే పిల్లి, అరిప్పు అంటే దురద. ఆంధ్రప్రదేశ్ నుండి కొత్తగా వచ్చినవారికి ఈ రెండు మాటలు చాలును.

వైద్యుడు ఫ్లీలని, వాటి లాలాజలం పడని పిల్లి అని తేల్చాడు. అటువంటి పిల్లికి కొద్దిపాటి కాట్లయినా రోజుల తరబడి దురద పెడతాయి. పిల్లిని తూచి, ఆ బరువుకు తగిన మందు ఇచ్చాడు. అయితే సగం వైద్యం ఇంట్లోనే ఉన్నదని కూడా చెప్పాడు. ఒక ఆడ ఫ్లీ రోజుకు 40 నుండి 50 వరకు గుడ్లు పెడుతుంది. అవి పిల్లి ఒంటి నుండి జారి చాపల సందులలో, పరుపుల మడతలలో, గడప పగుళ్ళలో చేరుతాయి. గూడు కట్టుకొన్న పిల్ల కీటకం నెలల తరబడి అందులోనే ఉండగలదు. కాబట్టి పిల్లి పడుకొనే బట్టలను వారం వారం వేడినీటిలో ఉతకాలి, మూలమూలలా ఊడ్చి చెత్తను బయట పారవేయాలి, ఇంటిలోని ఇతర జంతువులకు కూడా వాటి వాటికి తగిన మందు వాడాలి. కనీసం 3 నెలలు ఇది సాగాలి. వారం రోజులలో తగ్గలేదని మందు మార్చడం పొరపాటు.

ఇంటివారి ఆరోగ్యం కూడా ఇందులో ఇమిడి ఉన్నది. తామర పిల్లి నుండి పిల్లలకు అంటుతుంది. పిల్లి గజ్జి వలన మనుషులకు కొంతకాలం దురద కలగవచ్చు. దురదతో విసిగిన పిల్లి పట్టుకోబోయినవారిని కరవవచ్చు, గీరవచ్చు. అప్పుడు గాయాన్ని పారే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగాలి. పసుపు, సున్నం, కారం అద్దరాదు. పిల్లికి కూడా రేబిస్ టీకా వేయించాలి.

ఆ తల్లి వైద్యుని చీటీని ఇంటి యజమానికి చూపించి, ఇది వదిలివేయవలసిన జబ్బు కాదు, ఊడ్చి ఉతికి పోగొట్టవలసిన జబ్బు అని చెప్పింది. ఆయన గడువు పెంచాడు. మూడవ నెలకు తోక మొదట వెంట్రుకలు తిరిగి మొలిచాయి. వీధిలో వదిలిన పిల్లి జబ్బును వీధికి పంచుతుంది. ఇంట నయమైన పిల్లి వలన ఇరుగుపొరుగు కూడా సుఖపడతారు. మందు డబ్బా మూత తీసే ముందు దాని మీది పేరును చదవండి, చదవరాకపోతే చదివించుకోండి. అదీ కుదరకపోతే, ఆ తల్లి వలె బొమ్మనైనా చూడండి.